చార్జి: ఒక మాట, ఎన్నో మోపులు

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళలో నోట్లు రాసినవాడికి ఒక వ్యాసం ఏపాటిదని ఒప్పుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే "పై విషయమును పురస్కరించుకొని" అనే వాక్యం తప్ప మరేదీ తోచలేదు. ఆ అవస్థలో ఉండగానే సంఘం సమావేశం కోసం ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళాను. ఆ ఒక్క పూటలో విషయం దానంతటదే దొరికింది.

బస్సెక్కగానే ముందు సీటులోని ఒక పెద్దాయన "ఆత్మకూరికి ఇప్పుడు చార్జీ ఎంతబ్బా?" అని కండక్టరును అడిగాడు. పక్కనున్న కుర్రవాడు "ఫోన్లో చార్జింగ్ లేదు, దిగినాక మాట్లాడతా" అంటున్నాడు. చేతిలోని పత్రిక తెరిస్తే ఒక పేజీలో చార్జిషీటు, ఇంకో పేజీలో లాఠీచార్జి. సమావేశంలో పాత కోశాధికారిగారు బీరువా తాళంచెవి, రెండు రిజిస్టర్లు, కొంత నగదు కొత్తవారికి అప్పగించి "హమ్మయ్య, చార్జి ఇచ్చేశాను" అన్నారు. లెక్క చూస్తే ఒక పూటలో అయిదు చార్జీలు. ఒకదానికొకటి పొంతన లేదు. అయినా మాట ఒక్కటే.

మిత్రులారా, మన ఉద్యోగ జీవితం చార్జి తీసుకోవడంతో మొదలై చార్జి ఇవ్వడంతో ముగుస్తుంది. మధ్యలో కొందరికి చార్జి మెమో కూడా వస్తుంది. నాకూ వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాం.

బండి మీది బరువు

లాటిన్ భాషలో 'కార్రుస్' అంటే బండి. ఆ మాటను రోమన్లు గాల్ దేశపు ప్రజల దగ్గర నేర్చుకున్నారు. బండికి బరువెత్తడాన్ని 'కర్రికారే' అన్నారు. అది ఫ్రెంచివారి నోట నలిగి, ఇంగ్లీషులోకి వచ్చి 'చార్జ్' అయింది. మనం ఎక్కే కారు, ఓడలో వెళ్ళే కార్గో, మోయడం అనే అర్థమున్న క్యారీ, అందులోంచి మనం తెచ్చుకున్న క్యారియర్ అన్నీ దీనికి దాయాదులే. పత్రికల్లో నాయకుల ముక్కులు పెద్దవి చేసి గీసే కారికేచర్ కూడా ఈ వంశానిదే. మోయలేనంత బరువు వేసిన బొమ్మ అన్నమాట.

బరువు అని ఒకసారి పట్టుకుంటే మిగతా అర్థాలన్నీ వాటంతటవే విడిపోతాయి. తుపాకీలో మందు దట్టిస్తే చార్జి, ఎందుకంటే అది తుపాకీకి వేసిన బరువు. 1740ల్లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ గాజు జాడీల్లో విద్యుత్తును నింపే ప్రయోగాలు చేస్తూ అదే మాట వాడాడు. వరసగా పేర్చిన ఆ జాడీలకు ఫిరంగిదళం పేరైన 'బ్యాటరీ' అనే మాట పెట్టిందీ ఆయనే. ఇవాళ మన మనవళ్ళు ఫోనుకు పెట్టే చార్జింగ్, అందులోని బ్యాటరీ, రెండూ తుపాకుల దగ్గర నుంచి వచ్చిన మాటలే. వస్తువు మీద వేసే వెల చార్జి, ఎందుకంటే అది కొనేవాడి మీద పడే భారం. అధికారి మీద పడే బాధ్యత చార్జి. ముద్దాయి మీద పడే నేరం చార్జి.

శత్రువు మీద విరుచుకుపడడమూ చార్జియే. 1854 అక్టోబరు 25న క్రిమియా యుద్ధంలో బాలాక్లావా దగ్గర సుమారు 670 మంది ఆంగ్ల ఆశ్వికులు ఎదురుగా ఉన్న ఫిరంగుల మీదికే దూకారు. టెన్నిసన్ పద్యంగా రాయడంతో ఆ 'చార్జి' ప్రపంచమంతా తెలిసింది. వెళ్ళవలసింది వేరే ఫిరంగుల మీదికి. పై అధికారి ఇచ్చిన రాతపూర్వక ఉత్తర్వులో స్పష్టత లేకపోయింది. గుమస్తాగా నాకు ఆ కథలో వీరత్వం కంటే డ్రాఫ్టులోని లోపమే ఎక్కువ కనిపిస్తుంది. ఆ గుర్రాల చార్జిలో గుర్రం పోయి హిందీ లాఠీ చేరితే మన లాఠీచార్జి అయింది.

మన మోపు

ఇంగ్లీషువారి తెలివికి ఆశ్చర్యపడేలోగా మన తెలుగు మాట ఒకటి గుర్తుకొచ్చింది. ఉదయగిరిలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. పొద్దున్నే కొండకు వెళ్ళి, ఎండ ముదిరే వేళకు కట్టెలమోపులు నెత్తిన పెట్టుకుని వరసగా దిగివచ్చే ఆడవాళ్ళను చూస్తూ పెరిగాం. మోపు అంటే నెత్తిన మోసే బరువు. కట్టెలమోపు, గడ్డిమోపు. ఆ మాటతోనే మనం ఏమేమి చేస్తున్నామో చూడండి. నేరం మోపుతాం. పన్ను మోపుతాం. బాధ్యత మోపుతాం. బండికి చార్జి ఎలాగో నెత్తికి మోపు అలాగ. లాటిన్ తెలియని మన పల్లెవాళ్ళు, తెలుగు తెలియని ఆ రోమన్లు ఒకే తోవలో ఆలోచించారు. సంస్కృతంలోని భారమూ అంతే. కార్యభారం, పదవీభారం అంటున్నాం. హిందీవారు ఇన్‌చార్జిని ప్రభారీ అంటారు. అందులో ఉన్నదీ ఆ భారమే.

మోపుకు ఇంకో గుణం ఉంది. ఎంత బలవంతురాలైనా పెద్దమోపును ఒక్కతే ఎత్తుకోలేదు. నెత్తికెత్తడానికి ఇంకొకరి చేయి కావాలి, దించడానికీ ఇంకొకరి చేయి కావాలి. ఆఫీసు చార్జి కూడా అంతే. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఇద్దరూ సంతకం చేస్తేనే సి.టి.సి. అవుతుంది. అది మధ్యాహ్నానికి ముందా, తర్వాతా అని రాయకపోతే ఆ రోజు జీతం ఎవరిదో తేలదు. ఒక నెత్తిన రెండు మోపులు పెడితే ఎఫ్.ఏ.సి., అనగా పూర్తి అదనపు చార్జి. ఆ యోగం పట్టినవారు ఈ సంఘంలో చాలామందే ఉన్నారు కనుక వివరించను.

రెవెన్యూ వారికి ఇంకో చార్జి తెలుసు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం నూరవ సెక్షనులో చార్జి అంటే ఆస్తి మీద ఉన్న బాకీ భారం. తాకట్టు కాదు, అమ్మకం కాదు. కానీ ఆ బాకీ తీరేదాకా భూమి దాన్ని మోస్తూనే ఉంటుంది. 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం శిస్తుకు ఆ భూమే హామీ. మా మెట్టసీమలో వాన మొహం చాటేసిన ఏడు రైతు నెత్తిన ఉన్న బరువు చాలదన్నట్టు నేల నెత్తిన కూడా ఒక మోపు ఉండేది.

దుర్గంలో చేతులు మారిన చార్జి

ఉదయగిరి చరిత్ర అంటే దుర్గం ఎవరి చార్జిలో ఉన్నదన్న చరిత్రే. గజపతుల చేతిలో ఉన్న ఈ గిరిదుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో స్వాధీనం చేసుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్ళి, గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఎక్కడి నుంచి తెచ్చినదీ శాసనంలో చెక్కించాడు. తీసుకున్న వస్తువు, తెచ్చిన చోటు, పెట్టిన చోటు అన్నీ రాయించాడు. ఒక రకంగా అదీ రాతి మీది చార్జి లిస్టే.

తర్వాత ఈ సీమను పాలించినవారిలో రాయసం కొండమరుసు పేరు శాసనాల్లో కనిపిస్తుంది. రాయసం అంటే రాజు ఆజ్ఞలను రాసే ఉద్యోగం. అంటే మన వర్గంవాడే. గుమస్తాగిరీ చేసినవాడి చేతికి ఉదయగిరి వచ్చిందన్న మాట నేను చిన్నతనంలో ఆ కొండ నీడన చదువుకుంటున్నప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఉద్యోగంలో చేరిన రోజున ఛాతీ ఇంకో అంగుళం పెరిగేదేమో. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు ఓపిక ఉన్నవారు తిరగవేస్తే మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఊళ్ళ పాత సంగతులు ఎన్నో తగులుతాయి.

కర్ణాటక నవాబు 1801లో ఒప్పందం మీద ఈ జిల్లాను కంపెనీవారికి వదిలిపెట్టాడు. ఉదయగిరి మాత్రం జాగీరుగా కొంతకాలం నిలిచింది. 1839-40 ప్రాంతంలో కుట్ర చేశాడని జాగీర్దారును చెంగల్పట్టుకు పంపించి జాగీరును లాక్కున్నారు. చార్జి మోపి చార్జి తీసుకున్నారన్నమాట. ఒకే మాటకున్న రెండు అర్థాలు ఒకే మనిషి మీద ఒకేసారి పనిచేసిన సందర్భం మన ఊళ్ళోనే జరిగింది.

కరణంగారి రసీదు

నేను కళ్ళారా చూసిన పెద్ద చార్జి 1984 నాటిది. ఆ సంవత్సరం జనవరిలో, సంక్రాంతి ముందు, ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి గ్రామ మునసబు, కరణాల ఉద్యోగాలను రద్దుచేసింది. తరతరాలుగా ఇంటి పట్టున ఉన్న లెక్కలను ఒక్కసారిగా ప్రభుత్వం చేతిలోకి తీసుకోవాలి. మాలాంటి గుమస్తాలను ఊళ్ళ మీదికి పంపారు.

నాకు పడినది ఉదయగిరి తాలూకాలో ఒక మెట్టగ్రామం. కరణంగారు డెబ్బై ఏళ్ళవాడు. కరణాల పెత్తనం గురించి చెడ్డకథలు మనకు తెలియనివి కావు. వాటిలో చాలా నిజాలే. నేనూ అలాంటి మాటలే మనసులో పెట్టుకుని వెళ్ళాను. ఆయన పెద్దగా మాట్లాడలేదు. నడవలో చాప వేయించి, లోపలి నుంచి భోషాణం తెప్పించి, గుడ్డమూటలు ఒక్కొక్కటే విప్పారు. అడంగళ్ళు, 10(1) అకౌంటు, డైగ్లాటు, కొలతల పుస్తకం, గ్రామపటం, శిస్తు రసీదుల అడుగుభాగాలు. నేను తొందరపడి "అడంగళ్ళు ఒక కట్ట" అని రాయబోతే చేయి పట్టుకున్నారు.

"కట్ట అని రాయొద్దు నాయనా. ఏ ఫసలీది, ఎన్ని పుటలు, అది రాయి. రేపు నీ తర్వాత వచ్చేవాడు ఒక పుట లేదంటే నువ్వేం చెబుతావు? నేనేం చెబుతాను?"

రెండు రోజులు పట్టింది. కార్బన్ కాగితాలు పెట్టి మూడు ప్రతులు రాశాం. చివర సంతకాలప్పుడు ఆయన ఒక్క కోరిక కోరారు. "ఒక్క పుటకు కూడా చెద పట్టలేదని కింద రాసి సంతకం పెట్టు."

అలాంటి మాట రాయమని నాకిచ్చిన నమూనాలో లేదు. అయినా రాశాను. ఆయన తన ప్రతి మడిచి, ఖాళీ భోషాణంలో పెట్టి మూత వేశారు. నాలుగు మూటలూ సైకిలు వెనక కట్టుకుని ఊరు దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆ ముఖంలో కోపం ఉందో, మోపు దించిన ఊరట ఉందో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఆర్డినెన్సు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985లో తీర్పు ఇచ్చింది. ఆ ఏడు మే నెలలోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల రికార్డులు మళ్ళీ ఊళ్ళవారీగా విడదీసి మండలాలకు పంచవలసి వచ్చింది. అప్పుడు ఆ గ్రామం లిస్టును చూసి పంచుకున్న గుమస్తాకు ఒక్క సందేహం రాలేదు.

నా చార్జి మెమో

ఇంత చూసినవాడిని, కొన్నేళ్ళకు నేనేం చేశానో చెప్పాలి. జిల్లాలోనే ఒక కార్యాలయానికి బదిలీ అయ్యాను. నాకు చార్జి ఇవ్వవలసిన పెద్దాయన ఆ సాయంత్రమే రిటైరవుతున్నారు. అవతలి గదిలో పూలదండలు, కాఫీ, ఫలహారం సిద్ధంగా ఉన్నాయి. లిస్టులో వందకు పైగా అంశాలు. ఆయన ఆప్యాయంగా "అంతా సరిగ్గానే ఉంది, చూసుకోవాలంటే చూసుకో" అన్నారు. తండ్రి వయసువాడి ముందు కూర్చుని ఒక్కొక్కటి ఎంచితే ఆయనను దొంగను చూసినట్టు చూసినట్టవుతుందని మొహమాటపడ్డాను. సంతకం పెట్టేశాను.

ఏడాదిన్నరకు ఆడిట్ వచ్చింది. వాడని రసీదు పుస్తకాలు రెండు కనిపించలేదు. లిస్టులో ఉన్నాయి, నా సంతకం ఉంది, బీరువాలో లేవు. చార్జి మెమో వచ్చింది. మొదటి అభియోగం చదువుతుంటే అక్షరాలు కదిలిపోయాయి. అప్పటిదాకా ఆ మాట నాకు ఫైళ్ళలోని మాట. ఆ రోజు అది నెత్తిన పడ్డ మోపు అయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. రాజ్యాంగం 311వ అధికరణం రెండవ క్లాజు ప్రకారం, ఉద్యోగిని డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా, విచారణ జరిపి అతని మీద ఉన్న చార్జీలు ఏమిటో ముందు అతనికి తెలియజేయాలి. వాటికి జవాబు చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వాలి. చిన్న శిక్షలకు కూడా మన క్రమశిక్షణ నియమావళి వివరణ అడగమంటుంది. అంటే మోపు నెత్తిన పెట్టేముందు అందులో ఏముందో విప్పి చూపించాలి. పోలీసులు కోర్టులో వేసే కాగితాన్ని మనం చార్జిషీటు అంటాం గాని చట్టంలో దాని పేరు పోలీసు రిపోర్టు. అసలు చార్జిని ఖరారు చేసేది న్యాయమూర్తి. ఖరారు చేసిన చార్జిని ముద్దాయికి చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు పోయి 2024 జూలై 1 నుంచి కొత్త సంహిత అమలులోకి వచ్చినా ఈ పద్ధతి మారలేదు. చార్జిషీటు పడగానే మనిషిని దోషి అనేసే మనం ఇది గుర్తుంచుకోవడం మంచిది.

నేను జవాబు రాశాను. ఎంచకుండా సంతకం పెట్టిన మాట నిజమని ఒప్పుకున్నాను. తర్వాతి వాటిపై ప్రభావం లేకుండా ఒక ఇంక్రిమెంటు ఏడాది పాటు ఆపారు. శిక్ష న్యాయమైనదే. ఆ పెద్దాయనకు మాత్రం ఈ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత సున్నం వేయడానికి బీరువా జరిపితే గోడకూ దానికీ మధ్య ఆ రెండు పుస్తకాలూ దుమ్ముకొట్టుకుని ఉన్నాయని ఆ ఆఫీసు అటెండరు కబురు చేశాడు. ఒక్క రసీదు కూడా చిరగలేదు. అప్పటికి ఆయన కాలం చేశారు. ఆయన నిజాయితీపరుడే. నేనూ నిజాయితీపరుడినే. ఇద్దరు నిజాయితీపరుల మధ్య లెక్క లేకపోవడమే తప్పు. ఆ సాయంత్రం దండలు కాస్త ఆలస్యమైనా ఎంచి ఉంటే, బీరువా వెనక చూడవలసిన అవసరం ఆ రోజే వచ్చేది.

2008లో నేను రిటైరైన రోజున నా దగ్గర చార్జి పుచ్చుకున్న కుర్రవాడు "మీ మీద నమ్మకం లేకనా సార్, సంతకం పెట్టేస్తాను" అన్నాడు. "నమ్మకం ఉంటేనే ఎంచాలి నాయనా" అని కూర్చోబెట్టాను. దీపాలు పెట్టేవేళ అయింది. దండలు వాడిపోయాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. చార్జికి వ్యతిరేకం డిశ్చార్జి. అంటే బరువు దించడం. ఆసుపత్రి నుంచి, అప్పు నుంచి, నేరం నుంచి డిశ్చార్జి అయినవారికే ఆ నిద్ర తెలుస్తుంది.

మన దగ్గర మిగిలినది

డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినోత్సవంగా ఎందుకు జరుపుకుంటామో అందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని చెప్పింది. మనం మోసిన మోపుకు అది కూలి.

కానీ మనం ఇచ్చిన చార్జి లిస్టుల్లో ఎక్కని వస్తువులు కొన్ని మన దగ్గరే ఉండిపోయాయి. ఏ పొలానికి ఏ పేరు, ఏ చెరువు కింద ఏ కాలువ ఎటు పారేది, పాత డైగ్లాటులో ఫలానా గుర్తుకు అర్థమేమిటి, ఇవి ఏ బీరువాలోనూ లేవు. రీసర్వేకు వచ్చిన పిల్లలు నా దగ్గర కూర్చుని ఇలాంటివి అడిగితే, వారికి తెలియదని నవ్వబుద్ధి కాలేదు. మనం అప్పగించలేదని తోచింది. తెలిసిన సభ్యులు తమ ఊరి సంగతులు ఒక్కొక్క పుటగా రాసి సంఘానికి ఇస్తే బాగుంటుంది. కట్ట అని రాయవద్దు. ఏ సంవత్సరందో, ఎన్ని పుటలో రాయండి.

నా వంతు మోపు ఇదిగో, దించాను. ఎంచుకుని సంతకం పెట్టుకోగలరు.